ఏడున్నర నిమిషాల షిఫ్టు

విలేకరులుగా కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. గోదావరిఖనిలో పాతికేళ్లకు పైగా వార్తలు రాసినవాణ్ణని ఎవరో చెబితే వస్తారు. కాసేపు కూర్చున్నాక అందరూ అడిగేది ఒకటే. "సార్, మీరు రాసినవాటిలో అన్నిటికంటే పెద్ద వార్త ఏది?"

గని ప్రమాదమో, సమ్మెనో, రాష్ట్రం కోసం జరిగిన బందునో చెబుతానని ఎదురు చూస్తారు. నేను ఒక బాక్సు ఐటెం గురించి చెబుతాను. నాలుగు వేళ్ల వెడల్పు, జానెడు ఎత్తు. అందులో ఒక్క మనిషి పేరు కూడా లేదు. పిల్లలు ముఖాలు చూసుకుంటారు. పెద్దాయనకు మతి తప్పిందనుకుంటారేమో. అయినా చెబుతాను. ఈ వృత్తి గురించి నాకు తెలిసిన విషయాల్లో సగం ఆ బాక్సు వల్లే తెలిశాయి. మిగతా సగం దాన్ని సరిదిద్దుకోవడానికి తిరిగిన నాలుగైదు రోజుల్లో కలిసిన మనుషుల వల్ల తెలిశాయి.

పేర్లంటే భయం, అంకెలంటే ధీమా

నాకు పని నేర్పింది నాకంటే ముందు అదే ఆఫీసులో పనిచేసిన ఒక పెద్దమనిషి. ఆయనకు పేర్లంటే భయం. మా ప్రాంతంలో రాజయ్యలు, మల్లయ్యలు, పోశాలు ఎంతమందో లెక్కలేదు. ఒకే గనిలో, ఒకే షిఫ్టులో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు కూడా ఉంటారు. "పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ గని, ఏ షిఫ్టు. ఐదూ కలిస్తేనే మనిషి. ఒక్కటి తక్కువైనా రాయకు" అనేవాడు. గాయపడ్డవాడి పేరుకు బదులు క్వార్టర్లలో పక్కింటివాడి పేరు పడితే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఒకసారి కళ్లారా చూసినవాడు ఆయన.

ఆ శిక్షణ వల్ల పేర్ల విషయంలో నేను చాలా జాగ్రత్తగా ఉండేవాణ్ణి. కానీ దాంతోపాటే ఒక గుడ్డి ధీమా కూడా వచ్చింది. ఎవరి ప్రాణమో, పరువో ముడిపడి లేని సంగతి రాస్తే భయం లేదనుకున్నాను. చంద్రుడి దూరం, ఏనుగు బరువు, సముద్రం లోతు. ఇవి ఎంత రాసినా ఎవరూ ఆఫీసుకు వచ్చి గొడవ చేయరు. భూమికి ఇంటిపేరు లేదు, దాని తరఫున అడగడానికి చుట్టాలు రారు.

వచ్చారు.

కోసింది రెండు లైన్లు

ప్రత్యేక రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ల ముందు మాట. అప్పట్లో మా పత్రిక సోమవారం సోమవారం ఒక విద్యార్థి పేజీ వేసేది. బొగ్గు గనుల ప్రాంతం కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండింటిలోనూ ఉంది కాబట్టి రెండు జిల్లాల ఎడిషన్లకూ ఆ పేజీ ఒక్కటే. దాని బాధ్యత నాది. వారమంతా సరుకు కూర్చి, ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కి కరీంనగర్ వెళ్లి, ఆపరేటర్ పక్కన కూర్చుని పేజీ పెట్టించుకుని వచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం పేజీ అంతా సర్దుకున్నాక కింది ప్రకటన సైజు పెరిగింది. అంటే పైనున్న బాక్సు రెండు లైన్లు తగ్గాలి. అందులో భూమి వేగం గురించి రాసి ఉంది. నేను పుస్తకం చూసి రాసుకున్నది ఇది: "భూమి తన చుట్టూ తాను భూమధ్యరేఖ దగ్గర గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. అదే సమయంలో సూర్యుడి చుట్టూ గంటకు సుమారు లక్షా ఏడు వేల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది."

ఆపరేటర్ వేళ్లు కీబోర్డు మీద పెట్టి నా వైపు చూశాడు. బస్సుకు టైమవుతోంది. "మధ్యలో కొట్టేయ్" అన్నాను. మొదటి వాక్యం తల, రెండో వాక్యం తోక మిగిలాయి. "భూమి తన చుట్టూ తాను గంటకు సుమారు లక్షా ఏడు వేల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది." చదివితే ఎక్కడా అడ్డు తగల్లేదు. వాక్యం నున్నగా ఉంది. పైన "కదలకుండానే లక్ష కిలోమీటర్లు" అని నేనే శీర్షిక పెట్టాను. ఆ శీర్షిక చూసుకుని దారి పొడవునా మురిసిపోయాను కూడా.

కొత్తవాళ్లకు ఇక్కడ ఒక మాట. తెలియక రాసిన తప్పును పట్టుకోవడం సులువు, ఎందుకంటే రాసినవాడికే అనుమానం ఉంటుంది. తెలిసి రాసి, కోతలో పుట్టించిన తప్పును పట్టుకోవడం కష్టం. పుస్తకం చూసే రాశాననే ధైర్యం మనల్ని మళ్లీ చూడనివ్వదు.

బురద కాళ్లతో వచ్చిన మనిషి

నెలలు గడిచాయి. జూన్‌లో తొలి వానలు పడ్డ వారం, ఒక బుధవారం సాయంత్రం, సైకిల్ షాపు మీదున్న మా ఆఫీసు మెట్లెక్కి ఒక మనిషి వచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి బురద. వెనక పదో తరగతి అయిపోయిన వయసు అమ్మాయి, చేతిలో నోటుబుక్కు.

"పేపర్ సారంటే మీరేనా?"

"నేనే. కూసోండి. ఏంది సంగతి?"

"ఏం లేదు సార్. మీరు భూమిని మస్తు ఉరికిచ్చిండ్రు. జర నిమ్మలంగ నడిపియ్యుమని చెప్పిపోదామని వచ్చినం."

ఆయన పేరు రాజమల్లు. కమాన్‌పూర్ మండలంలో ఊరు. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీదున్న మట్టినీ బండనూ తీసి పోసే కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ నడుపుతాడు. అమ్మాయి ఆయన కూతురు రజిత. నోటుబుక్కులోంచి నా బాక్సు తీసి బల్ల మీద పెట్టింది. నేను చదివి, "కరెక్టే కదమ్మా, పుస్తకం చూసే రాసిన" అన్నాను.

"సార్, భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు" అంది రజిత. "తన చుట్టు తాను గంటకు లక్షా ఏడు వేలు తిరిగితే, ఒక్క రోజు ఎంతసేపట్ల అయితది?"

కాగితం తీసుకుని లెక్క వేశాను. తప్పు వేశాననుకుని మళ్లీ వేశాను. ఇరవై రెండున్నర నిమిషాలు.

"ఆ రోజును మూడు షిఫ్టులకు పంచుండ్రి సార్" అన్నాడు రాజమల్లు.

"ఏడున్నర నిమిషాలు."

"గదే ముచ్చట! నేను బండి స్టార్టు చేస్తే బ్రేకులకు గాలి ప్రెషర్ ఎక్కేతందుకే పది నిమిషాలు పడ్తది. గప్పటికి నా షిఫ్టు అయిపోయి, రెండో షిఫ్టోడచ్చి ‘దిగు బావా’ అంటడు. ఒక్క ట్రిప్పు గొట్టకుంట డ్యూటీ అయిపాయె. మా కాంట్రాక్టర్ గుండె పలిగి సస్తడు."

అమ్మాయి నవ్వలేదు. "అంతే గాదు సార్. నేల మీద ఏదన్న గంటకు ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్లు దాటి పోతే అది నేల మీద నిలవదు. ఉపగ్రహం లెక్క పైన తిరగాల్సిందే. భూమే లక్షా ఏడు వేలతోని తిరిగితే మనం, ఇండ్లు, రాళ్లు ఏవీ ఉండయి."

"అంటే బొగ్గు దానంతటదే లేసి వస్తదా బిడ్డా?"

"వస్తది బాపు."

"ఇగ మాతోని ఏం పని సార్? బొగ్గు బాయి మూసుకొని పోవుడే."

నేను నవ్వాను గానీ లోపల ఇంకా ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు రాసినవాడి అహం అది. "మరి ఈ లక్షా ఏడు వేలు ఎక్కడిది? పుస్తకంలో ఉన్నదే కదా?" అన్నాను. అది సూర్యుడి చుట్టూ పోయే వేగమని రజిత చెప్పింది. "పోయేది అదే భూమి గదా అమ్మా, దానికి రెండు వేగాలెట్ల ఉంటయి?" అని అడిగేశాను. సిగ్గుపడాల్సిన ప్రశ్నే. కానీ అడగడం వల్లే నాకు ఆ రోజు పాఠం దొరికింది. జవాబు చెప్పింది తండ్రి.

"సార్, వానకాలం మా బండి బురదల దిగవడ్తది. ఎక్సలేటర్ తొక్కుతం. టైరు గిర్రున తిరుగుతది. మీటర్ల ముప్పై చూపెడ్తది. బండి మాత్రం ఉన్నకాన్నే ఉంటది. అవునా? మొన్న నా బండి ఖరాబైతే పెద్ద ట్రైలర్ మీద ఎక్కిచ్చి షెడ్డుకు తీస్కపోయిండ్రు. నా టైరు ఒక్క చుట్టు తిరగలే. బండి నాలుగు కిలోమీటర్లు పోయింది. టైరు తిరుగుడు వేరు, బండి పోవుడు వేరు. మీరు బండి పోయిన స్పీడు తీస్కపోయి టైరుకు రాసిండ్రు."

"రోడ్డు మీద టైరు దొర్లుతది కాబట్టి రెండు ఒకటే అనిపిస్తది సార్" అని రజిత కలిపింది. "భూమి దేని మీదా దొర్లుకుంట పోదు కదా. అందుకే ఆ రెండిటికీ సంబంధం ఉండాల్సిన పని లేదు."

పాత ఫైల్లోంచి నా చేతిరాత ప్రతి తీశాను. రెండు వాక్యాలూ ఉన్నాయి. ఎక్కడ కోశానో అప్పుడు కనిపించింది.

ఒక్క మార్కు

ఇంత దూరం వచ్చింది నాకు పాఠం చెప్పడానికి కాదు. బసంత్‌నగర్‌లో గంగారాం సేట్ అని లారీల యజమాని ఉండేవాడు. సిమెంటు లోడింగు పనిలో పైకి వచ్చిన మనిషి. పెద్దగా చదువుకోలేదు. వాళ్ల అమ్మ పేరు మీద ఏటా ఒక పరీక్ష పెట్టి, మొదట నిలిచిన ఒక్క ఆడపిల్లను కరీంనగర్‌లో హాస్టలున్న కాలేజీలో రెండేళ్లు ఇంటర్ చదివించేవాడు. ఒక్క సీటే. ప్రశ్నలన్నీ ఏడాదంతా దాచిపెట్టిన మా విద్యార్థి పేజీల్లోంచే తీయించేవాడు. ఆ సంగతి విని, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ముందు నాకు గర్వంగా అనిపించింది.

ఆ ఏడు ఒక ప్రశ్న: భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం ఎంత? రజిత రాసింది 1,670. పత్రికలో ఉన్నది లక్షా ఏడు వేలు. మార్కు పోయింది. ఆదిలాబాద్ జిల్లా గోలేటి నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆమెకంటే ఒక్క మార్కు ముందు నిలిచింది.

"సేటు దగ్గరికి పోయి అడిగినం సార్" అన్నాడు రాజమల్లు. "ఆయన చెడ్డోడు గాదు. ‘నీ బిడ్డ మాట ఇనాల్నా, పేపర్ల అచ్చుగొట్టింది ఇనాల్నా? పేపరోళ్లు తప్పని రాస్తే నేను గూడ దిద్దుత’ అన్నడు. ఐతారం దాక ఆగుతడట. సోమారం కాలేజీల పేరు రాపిస్తడట."

"సీటు రాకపోతే?"

కూతురే చెప్పింది. "మాకు దగ్గర్ల ఉన్న కాలేజీల లెక్కల సారు లేడు. ఆ గ్రూపు నడుస్తలేదు. సీఈసీ తీస్కోమంటున్నరు. ఇగ లెక్కలు లేవు, సైన్సు లేదు."

మామూలు మాటలా చెప్పి బాక్సు మళ్లీ నోటుబుక్కులో పెట్టుకుంది.

మూర్తి గారు కొట్టేసిన వాక్యం

మా ఎడిషన్ ఇన్‌ఛార్జి మూర్తి గారు. కోస్తా మనిషి. రాష్ట్రం గొడవ అప్పటికే ఆఫీసుల్లోకి వచ్చేసింది. వెనకాల ఆయన్ను ఏదో ఒకటి అనుకునేవాళ్లం. నేనూ అన్నవాణ్ణే.

ఫోన్ చేసి సవరణ వేయాలన్నాను.

"ఏమండీ, భూమి మన మీద పరువు నష్టం దావా ఏమైనా వేసిందా?"

"లేదండీ."

"మరి ఎవరడిగారు?"

"టిప్పర్ డ్రైవరండీ."

"బాగుంది. ఇలాంటివాటికల్లా సవరణలు వేసుకుంటూ పోతే రోజూ అర పేజీ కావాలి. పైగా ఆ పేజీ చేసేది మీరు. సవరణంటే మీ పేరు మీద మెమో వస్తుంది. ఆలోచించుకోండి."

అది నిజమే. పైనుంచి మెమో వస్తే ఆ పేజీ నా చేతిలోంచి పోవచ్చు. రాత్రంతా ఆలోచించానని రాస్తే అబద్ధం అవుతుంది, హాయిగా నిద్రపోయాను. పొద్దున లేచేసరికి మాత్రం ఆ అమ్మాయి బాక్సును మడత నలగకుండా లోపల పెట్టుకున్న తీరే కళ్ల ముందు ఉంది. గురువారం మధ్యాహ్నం బస్సులో కరీంనగర్ వెళ్లాను.

మూర్తి గారికి నేను న్యాయం, ధర్మం అని ఏమీ చెప్పలేదు. రాజమల్లు షిఫ్టు లెక్క చెప్పాను. ఆయన ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి తనూ లెక్క వేశాడు. ఏడున్నర రాగానే కళ్లజోడు తీసి పెద్దగా నవ్వాడు. "మన ఎడిషన్ పేజీలు ముగించి అచ్చుకు పంపడానికే నాలుగు గంటలు పడుతుందండీ. పది రోజులకు పైగా పడుతుందన్నమాట ఒక్క పేపరుకి!" అన్నాడు. నవ్వు ఆగాక, "రాసుకొచ్చారా?" అని చెయ్యి చాపాడు.

రాసుకొచ్చాను. "సాంకేతిక కారణాల వల్ల భూమి వేగానికి సంబంధించిన సమాచారం పొరపాటుగా ప్రచురితమైంది" అని మొదలుపెట్టాను. ఆయన ఎర్ర పెన్నుతో మొదటి మూడు మాటలు కొట్టేశాడు.

"కోసింది ఎవరండీ? టెక్నాలజీయా, మీరా?"

"నేనే."

"అయితే ‘మా పొరపాటు’ అనండి. ఏం రాశామో ఒక వాక్యం. నిజం ఏమిటో ఒక వాక్యం. విచారం వ్యక్తం చేయక్కర్లేదు, పాఠకుడికి మన విచారంతో పనేముంది? తప్పు ఎంత జాగాలో వేశారో ఇదీ అంతే జాగాలో రావాలి. ఆ ‘భూమధ్యరేఖ దగ్గర’ అన్న మాట మళ్లీ కోయకండి."

"కోయనండీ. మా గోదావరిఖని దగ్గర ఇంకా తక్కువంట, పదిహేను వందల ఎనభై దాకా ఉంటుందని ఆ అమ్మాయి చెప్పింది."

"అదీ వేయండి. మన ఊరిది మనకు కావాలిగా."

మిగిలిన జాగాలో రాజమల్లు చెప్పిన టైరు, షిఫ్టు లెక్కలు వేయించాడు. కరీంనగర్‌కే కాదు, గోలేటికి వెళ్లే ఆదిలాబాద్ ఎడిషన్‌కూ పంపించాడు. అది నాకు తట్టనే లేదు, ఆయనకే తట్టింది. మెమో కూడా వచ్చింది. ఆయన దాని మీద "బాధ్యత నాది" అని రాసి తిప్పి పంపాడని చాలా రోజులకు తెలిసింది. ఆ తర్వాత వెనకాల ఆయన్ను ఏమీ అనలేకపోయాను. పైవాళ్లను తిట్టుకోవడం మన వృత్తిలో అందరికీ అలవాటే. ఎవరు ఎక్కడ మంచివాళ్లో కూడా అంతే శ్రద్ధగా గుర్తుపెట్టుకోవాలని కొత్తవాళ్లకు నా సలహా.

ఆ ప్రశ్ననే తీసెయ్యుండ్రి

శుక్రవారం సవరణ పడింది. శనివారం రాజమల్లు, రజిత, నేను పత్రిక తీసుకుని బసంత్‌నగర్ వెళ్లాం. లారీల షెడ్డు పక్కన చిన్న గది. గంగారాం సేట్ కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో మాటా పైకే చదివాడు. షిఫ్టు లెక్క దగ్గర ఆగి రాజమల్లు వంక చూసి, "నువ్వేనా గిది?" అని నవ్వాడు.

"పేపర్లనే తప్పని పడ్డంక ఇంకేమున్నది. ఈ పిల్లకు ఒకటి కలుపుత. గోలేటి పిల్లకు ఒకటి తీస్త. సీటు మీదే. మాటంటే మాటే" అని మార్కుల కాగితం లాగాడు.

"సేటూ, అట్ల వద్దు" అంది రజిత.

గదిలో అందరం ఆమె వైపు చూశాం.

"ఆ ప్రశ్ననే తీసెయ్యుండ్రి. నాకు కలపొద్దు, ఆమెకు ఇయ్యొద్దు."

రాజమల్లు ముఖం ఎర్రబడింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? రైటు రాసినోళ్లకు మార్కు రావాల్నా లేదా? గిందుకేనా నేను రెండ్రోజులు డ్యూటీ ఇడిసిపెట్టి తిరిగింది?"

"పేపర్లకెల్లి అడుగుతమని సేటు ముందుగాల్నే చెప్పిండు బాపు. ఆమె పేపర్ల ఉన్నదే రాసింది. ఆమె తప్పేమున్నది? రేపు హాస్టల్ల ఎవలన్న నన్ను, పేపరాయన్ను పట్టుకొచ్చి సీటు తెచ్చుకున్నది అంటే నేనేమనాలె?"

"ఏం అనకు! చెవుల దూది పెట్టుకొని సదువుకో!"

సేటు రెండు చేతులూ ఎత్తి ఇద్దర్నీ ఆపాడు. ఆ ప్రశ్న తీసేస్తే ఇద్దరికీ మార్కులు సమానమవుతాయి. సేటు మార్కుల కాగితం పక్కన పెట్టి, "సరే, రేపు ఇద్దర్నీ పిలుస్త. ఇక్కడి బళ్లె లెక్కల సారుతోని నోటి ప్రశ్నలు అడిగిపిస్త. ఎవలు గెలిస్తే వాళ్లది" అన్నాడు.

చేతికొచ్చిన సీటు మళ్లీ గాల్లోకి లేచింది. తిరుగు బస్సులో రాజమల్లు కూతురి పక్కన కూర్చోలేదు. డ్రైవర్ వెనక సీట్లో నా పక్కన కూర్చుని, రామగుండం వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. దిగేటప్పుడు మాత్రం, "అది చెప్పింది గూడ తప్పు గాదు సార్. గదే నాకు కోపం" అన్నాడు. కన్నబిడ్డ గురించి అంత కోపంగా, అంత గర్వంగా ఒకే మాటలో మాట్లాడిన తండ్రిని నేను మళ్లీ చూడలేదు.

ఆదివారం

గోలేటి అమ్మాయి సుమలత. తల్లితో పొద్దున్నే బస్సులు మారి వచ్చింది. ఆమె దగ్గరా ఒక నోటుబుక్కు ఉంది. మా విద్యార్థి పేజీలోని బాక్సులన్నీ కత్తిరించి, గంజితో వరసగా అంటించుకుంది. లోపల పిలిచేదాకా ఇద్దరమ్మాయిలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఆ పుస్తకం తిరగేశారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.

లెక్కల సారు పది ప్రశ్నలు అడిగాడు. అందరి ముందే. ఇద్దరూ బాగా చెప్పారు. తొమ్మిదో ప్రశ్న దగ్గర సుమలత తడబడింది. ఆ ఒక్కదాంతో సీటు రజితకు వచ్చింది. రాజమల్లు బయటికి వెళ్లి, లారీ చక్రానికి ఆనుకుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు. రజిత కాలేజీ ఫారం మీద తన పేరులోనే ఒక అక్షరం తప్పు రాసి, కొట్టేసి మళ్లీ రాసింది. అప్పుడు అర్థమైంది, ఆ రెండు రోజులూ ఆ పిల్ల ఎంత భయంతో ఉందో. భయం లేకుండా న్యాయంగా ఉండేవాళ్లను నేను చాలామందిని చూశాను. అది సులువు. భయపడుతూ న్యాయంగా ఉన్నవాళ్లను కొద్దిమందినే చూశాను.

నేను సుమలత తల్లి దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మీ పేపరు రోజు వస్తది సార్ మా ఇంటికి. మా ఆయనకు చదవరాదు. ఇదే చదివి ఇనిపిస్తది. భూమి గింత స్పీడు తిరుగుతదట అని ఆయన బాయిల అందరికి చెప్పిండు. నెల రోజులు గదే ముచ్చట. సీటంటరా, ఎవలో ఒకలకు రావాలె, ఆ పిల్లకచ్చింది. మా ఆయన చెప్పినోళ్లందరికి ఇప్పుడు ఎవలు చెప్పాలె?"

సవరణ పడింది కదా అని నోటిదాకా వచ్చింది. చదవడం రానివాళ్లకు పడిందేమిటి అని నాకే తోచి ఆగిపోయాను.

గోలేటి

తర్వాతి గురువారం గోలేటి వెళ్లాను. సుమలత తండ్రి సమ్మయ్యది రెండో షిఫ్టు. షిఫ్టు మారే వేళకు ఆయనా నేనూ గని గేటు లోపల, పేర్లు పిలిచే చోట నిలబడ్డాం. దిగాల్సినవాళ్లు దిగడానికి, పైకొచ్చినవాళ్లు ఇంటికి పోవడానికి తొందరపడుతున్నారు. సమ్మయ్య ఒక రాయి మీదకెక్కి చేయెత్తాడు.

"ఇనుండ్రి! భూమి స్పీడు ముచ్చట నేను చెప్పింది తప్పట. ఈన పేపరాయన. ఈననే చెప్తడట."

"ఏంది సమ్మన్నా, భూమి స్లో అయిందా?" అని ఎవరో అరిచారు. "మన మేనేజర్ బ్రేక్ ఏసిండా?" అని ఇంకొకరు. నవ్వులు.

నేను చెప్పాను. తన చుట్టూ తాను తిరిగేది ఇంత, సూర్యుడి చుట్టూ పోయేది ఇంత, రెండూ వేరు, నేను దాన్ని దీనికి రాశాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. నా ఉద్యోగంలో అంత శ్రద్ధగా విన్న పాఠకులు మళ్లీ దొరకలేదు. ఒకాయన రెండు అంకెలూ మళ్లీ చెప్పించుకుని, పక్కవాడికి అప్పజెప్పాడు.

"మరి నీ బిడ్డకు సీటచ్చిందా సమ్మన్నా?"

"రాలే."

అందరూ నా వైపే చూస్తున్నారు. తల దించుకున్నాను. పైకి వచ్చిన షిఫ్టులోంచి ఒక పెద్దాయన, ముఖమంతా బొగ్గు, కళ్లు మాత్రమే తెల్లగా, నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను.

"చెప్పెతందుకు గింత దూరం అచ్చినవు, మంచిగైంది" అన్నాడు. "కని జర సూసి రాయి బిడ్డా. ఎనిమిది గంటలు మేం లోపట ఉంటం. పైన ఏం నడుస్తున్నదో నువ్వు రాస్తేనే మాకు తెలుస్తది."

నా భుజం తట్టాడు. చొక్కా మీద ఐదు వేళ్ల బొగ్గు అచ్చు పడింది. బెల్లంపల్లిలో బస్సు మారి గోదావరిఖని చేరేదాకా దాన్ని దులుపుకోలేదు.